సిలిండర్ అడుగున మిగిలిన గ్యాసు

నూనె డబ్బా అయిపోయిందన్న మాట మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. అరసవల్లిలో గుడికి వెళ్లే దారిలో మాది చిన్న కిరాణా కొట్టు. నువ్వుల నూనె డబ్బా ఖాళీ అయ్యాక మా నాన్న సీసా మీద గరాటు పెట్టి, అందులోకి డబ్బాను బోర్లించి, ఎండ తగిలే మెట్టు మీద ఉంచేవాడు. సాయంత్రానికి సీసాలో రెండు వేళ్ల నూనె చేరేది. డబ్బా మొత్తం అమ్మినప్పుడు కూడా కనిపించని తృప్తి ఆ రెండు వేళ్ల నూనెను చూసినప్పుడు ఆయన ముఖంలో కనిపించేది.

ఆ తృప్తి నాకూ అంటుకుంది. దాని పుణ్యమా అని ఒక సోమవారం నాడు స్కూటరు మీద ఘాటు రోడ్డెక్కి, బియ్యం లారీ వెంట పడి, నా ముఖం నేనే చూసుకోలేని పరిస్థితి తెచ్చుకున్నాను. ఫర్నేసు పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎప్పుడైనా కలిస్తే, మీ సర్వీసులో గొప్పగా చేసిన పని ఏమిటని అడుగుతుంటారు. గొప్పలు చెప్పుకోవడానికి నాకు నోరు బాగానే ఉంది. కాని మీకు పనికొచ్చేది మాత్రం ఇదే.

నేను ముప్పై ఏళ్లు పనిచేసింది బొబ్బిలి దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో. లారీలకు కావలసిన ఉక్కు సామాను చేసేవాళ్లం. అందులో కింగ్‌పిన్ ఒకటి. డ్రైవరు స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం పక్కకి తిరిగేది ఈ పిన్ను ఆధారంగానే. జానెడు పొడవు, బొటనవేలికి రెండింతల లావు. లారీకి రెండు పిన్నులు, ఒక్కో ముందు చక్రానికి ఒకటి. గోతిలో పడ్డప్పుడు విరక్కుండా ఉండాలంటే దీని లోపల కాస్త మెతకగా ఉండాలి. అరిగిపోకుండా ఉండాలంటే పైన గాజులా గట్టిగా ఉండాలి. ఒకే ముక్కకి ఈ రెండు గుణాలూ తేవడమే మా పని. పిన్నుల్ని బుట్టలో పేర్చి, గొయ్యిలాంటి ఫర్నేసులో దించి, ఎర్రగా కాలుస్తూ కార్బన్ ఉన్న గ్యాసులో కొన్ని గంటలు ఉంచుతాం. ఉక్కు పైపొర కార్బన్‌ను పీల్చుకుంటుంది. తీసి నూనెలో ముంచితే, పీల్చుకున్నంత మందం బిగుసుకుంటుంది. చెప్పడానికి ఇంతే. గ్యాసు శుభ్రంగా లేకపోతే మాత్రం ఎంత కాల్చినా, ఎంత ముంచినా ఆ ఉక్కు మెత్తగానే ఉండిపోతుంది.

ఆ గ్యాసు ఎక్కడినుంచి వస్తుందంటే, మనం వంటకి వాడే గ్యాసులాంటిదే పెద్ద సిలిండర్లలో వచ్చేది. దాన్ని గాలితో కలిపి, నికెల్ పట్టించిన పింగాణీ ముక్కలు నింపిన వేడి గొట్టంలోంచి పంపితే, అది విడిపోయి ఉక్కుకి కార్బన్ ఇచ్చే గ్యాసుగా మారుతుంది. ఆ గొట్టాన్ని మేము జనరేటరు అనేవాళ్లం. దాని ప్రాణం ఆ నికెల్‌లో ఉంది.

నేను ఫర్నేసు సెక్షనుకి సూపర్‌వైజర్ని. దానికి తోడు, బేరం బాగా ఆడతానని గ్యాసు, నూనె కొనే పని కూడా ఓనరు గారు నా నెత్తిన పెట్టారు. బేరం నాకు ఉద్యోగంలో భాగం అనడం కన్నా జబ్బు అనడం నిజం. ఆసుపత్రిలో నర్సు రెండు ఇంజెక్షన్లు చెయ్యాలంటే ఒకటి చాలదా అని అడిగినవాణ్ణి.

చలికాలంలో సిలిండర్లో గ్యాసు సగం దిగేసరికే ఒత్తిడి పడిపోయేది. అయిపోయిందని దాన్ని తీసి కొత్తది పెట్టేవారు. ఒకరోజు అలా తీసిన సిలిండర్ని ఊపి చూశాను. లోపల గళగళమంది. ఆ చప్పుడు విన్నాక నాకు అన్నం సయించలేదు. వారం తిరక్కుండా ఇనప యాంగిళ్లతో ఒక స్టాండు చేయించాను. సిలిండర్ తల కిందికి ఒరిగి ఉంటుంది. చుట్టూ గోనెసంచులు కట్టి, వాటి మీద వేడినీళ్లు పోస్తుంటాం. అడుగున ఉన్నదంతా ఆఖరి చుక్క వరకూ జనరేటర్లోకి పోతుంది. సిలిండర్ నిజంగా ఖాళీ అవుతుంది. మా వాళ్లు దానికి 'కొట్టు స్టాండు' అని పేరు పెట్టారు. వెటకారమని తెలిసి కూడా నేను మురిసిపోయాను. ఓనరు గారు వచ్చిన చుట్టాలకి కూడా దాన్ని చూపించేవారు. అది ఎంత ప్రమాదమో అప్పుడు ఎవరూ చెప్పలేదు. మీరు మాత్రం చెయ్యకండి.

నాకు తెలియనిది ఏమిటంటే, ఆ గ్యాసుకి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని కంపు కొట్టే మందు ఒకటి కలుపుతారు. ఆ మందులో గంధకం ఉంటుంది. గ్యాసు తేలిగ్గా ఎగిరిపోతుంది, మందు అంత తొందరగా ఎగరదు. సిలిండర్ ఖాళీ అయ్యే కొద్దీ మందు అడుగున చిక్కబడుతుంది, దాంతోపాటు జిడ్డు కూడా. అంటే నేను పట్టుబట్టి పిండుకున్న ఆ రెండు వేళ్లూ గంధకం తేరిన మడ్డి. గంధకం వెళ్లి నికెల్‌ని పట్టుకుంటే నికెల్‌కి ఊపిరాడదు. గ్యాసు సరిగ్గా విడిపోదు. విడిపోని దాంట్లో నీటి ఆవిరి, బొగ్గుపులుసు గాలి మిగిలిపోతాయి. అవి ఉక్కుకి కార్బన్ ఇవ్వకపోగా, ఉన్నదాన్ని కూడా లాక్కుంటాయి. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది సిలిండర్లు తక్కువ పడుతున్నాయని ఒక్కటే.

తెలిసిన మనిషి ఒకడు ఉన్నాడు. మా ఫర్నేసు మేస్త్రీ. భావనపాడు వైపు సముద్రం ఒడ్డు మనిషి. వాళ్ల నాన్న, అన్నలు అందరూ వేటకి వెళ్లేవారే. ఈయనొక్కడే నీళ్లు వదిలి నిప్పు దగ్గరికి వచ్చాడు. వయసులో నాకన్నా పెద్ద, నేను మావా అనేవాణ్ణి. ఫర్నేసు మూత మీద సన్నని గొట్టంలోంచి వాడిన గ్యాసు బయటికొచ్చి మండుతుంటుంది. దాన్ని ఆయన దీపం అనేవాడు. వాళ్లన్నలు మబ్బుని చూసినట్టు ఈయన ఆ దీపాన్ని చూసేవాడు. మీటర్ల కన్నా ముందు దాన్నే చూసేవాడు.

కొట్టు స్టాండు వచ్చిన రెండో నెలలో ఒక పొద్దున్న నన్ను పిలిచాడు.

"బాబూ, వాసన ఎక్కువైనాది. దీపం కూడా కళ తప్పినాది, సూడు."

చూశాను. మంట తోక కొంచెం పసుప్పచ్చగా ఉన్నట్టుంది. అంతకు మించి నాకేమీ కనిపించలేదు. వాసన మాత్రం ముక్కు పగిలేలా ఉంది. మా నాన్న ఇంగువ డబ్బా మూత తీసి గిరాకీ ముక్కు కింద పెట్టేవాడు. ఘాటు కొడితే సరుకు అసలుదని లెక్క. నేను కొట్లో పుట్టినవాణ్ణి కదా, ఆ లెక్కే ఇక్కడా వేశాను.

"వాసన ఘాటుగా ఉంటే సరుకు మంచిదని మావా. ఇంగువ ఎప్పుడూ కొన్లేదా?"

ఆయన మంట మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "ఇంగువ సారులో ఏస్తారు బాబూ."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

తెలిసిన మనిషి ఇంకొకరు కూడా ఉన్నారు. మా టెస్టింగు అమ్మాయి. రాజాం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. డిప్లొమా చదివి మా దగ్గర ల్యాబులో చేరి అప్పటికి నాలుగేళ్లు. ప్రతి బుట్టతో పాటు ఒక టెస్టు ముక్కని తీగకి కట్టి వేలాడదీస్తాం. బుట్ట బయటికి వచ్చాక ఆమె ఆ ముక్కని నునుపు చేసి మిషను కింద పెట్టి గట్టిదనం చూస్తుంది. యాభై ఎనిమిది, ఆ పైన వస్తే పాసు. కింద వస్తే బుట్ట బుట్టంతా ఆపాలి. స్టాండు పెట్టకముందు అరవై ఒకటి వచ్చేది. తర్వాత అరవై, యాభై తొమ్మిదిన్నర, యాభై తొమ్మిది. ఆమె ఆ అంకెలన్నీ తన నోటుపుస్తకంలో వరసగా రాసి, చుక్కలు కలిపి గీత గీసి నాకు చూపించింది. గీత కిందికి జారుతోంది.

"ధరలు కూడా దిగుతాయి, ఎక్కుతాయి. కంగారు పడకూడదమ్మా," అన్నాను, పెద్ద వ్యాపారిలా.

ఇక ఆ శనివారం. సాలూరుకి పంపాల్సిన నలభై రెండు కింగ్‌పిన్నులు ఒకే బుట్టలో బయటికి వచ్చాయి. తీసుకునేది ఒకే మెకానిక్. రిపేరు షెడ్డు, పక్కనే స్పేరు పార్టుల కొట్టు రెండూ ఆయనవే. సాలూరంతా లారీలేనాయె, పిన్నులు రాలేదని ఉదయం నుంచి నాలుగుసార్లు ఫోను చేశాడు. మధ్యాహ్నానికి పంపిస్తానని మాటిచ్చాను. మా కొట్లో చెప్పిన టైముకి సరుకు ఇవ్వకపోతే నాన్న ఆ రోజు భోంచేసేవాడు కాదు. ల్యాబుకి వెళ్లి పక్కన నిలబడ్డాను.

మిషను ముల్లు ఆగింది. ఆమె నావైపు చూడలేదు.

"యాభై ఏడు సార్."

"ఇంకోచోట పెట్టమ్మా."

పెట్టింది. యాభై ఏడు. మూడోసారి యాభై ఆరున్నర.

"ముక్క ఆ చివర పెట్టి చూడు. ఒక్క పాయింటు దగ్గర ఏముందమ్మా? మిషను కూడా మనలాంటిదే, ఒకసారి ఒకలా ఉంటుంది."

ఆమె ముక్కని తిప్పి పెట్టింది. ఈసారి యాభై ఎనిమిది వచ్చింది. నేను బల్ల మీద చెయ్యి కొట్టాను. నాలుగింట్లో ఒకటి మంచిది వచ్చిందంటే ఉక్కులో సత్తా ఉన్నట్టే కదా అని వాదించాను. అప్పుడు ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది.

"బేరం ఆడితే అంకె పెరుగుతాదా సార్?"

నేను నవ్వేసి, యాభై ఎనిమిది అని రాయమన్నాను. రాసింది. రాసి, కాగితం నావైపు జరిపి, సంతకం మీరే పెట్టండి అంది. తోక బాగా తిప్పి సంతకం పెట్టాను. నలభై రెండింట్లో రెండు పిన్నులకి గ్రీజు పోయే చిల్లు వంకరగా పడిందని పక్కన పెట్టి, నలభై పెట్టెలో సర్ది బస్సు మీద వేసి పంపేశాం.

సోమవారం ఉదయం నేను టీ తాగుతుంటే ఆమె వచ్చి టేబులు మీద రెండు పిన్ను ముక్కలు పెట్టింది. చిల్లు వంకరగా పడి ఆగిపోయిన పిన్నులవి. బుట్టలోంచి తీసేటప్పుడే పక్కన పెట్టినవి కాబట్టి అవి అడుగు వరసలోవని తెలుసు. టెస్టు ముక్కని మేము ఎప్పుడూ పైన, గ్యాసు లోపలికి వచ్చే చోటే కడతాం. అక్కడ కాస్తో కూస్తో మంచి గ్యాసు తగులుతుంది. అడుగుకి చేరేది ఏమిటో ఎవరూ చూడలేదు. ఆమె ఆదివారం సెలవునాడు వచ్చి వాటిని కోసి చూసింది. ముక్కల మీద సుద్దతో రాసి ఉంది: నలభై నాలుగు, నలభై ఒకటి.

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. నలభై ఒకటి అంటే అది కింగ్‌పిన్ కాదు, వట్టి ఇనప కడ్డీ. అలాంటిది బరువు లారీకి వేస్తే, పిన్నుని పట్టి ఉంచే బుష్షులో గీరుకుపోతుంది. మొదట స్టీరింగు వదులవుతుంది. ఖర్మ కాలితే పట్టేస్తుంది కూడా. సాలూరు దాటితే ఒడిశా వైపు అంతా ఘాటు. అక్కడ మలుపులో చక్రం తిరగనని మొరాయిస్తే పక్కన ఏముందో ఆ దారిన వెళ్లిన ప్రతివాడికీ తెలుసు.

మెకానిక్‌కి ఫోను చేశాను. ఇక్కడ నేను చేసింది మీరు గమనించాలి. మన పిన్నులు మెత్తగా ఉన్నాయి, నేనే పాసు చేశాను అని చెప్పాలి. నా నోటినుంచి వచ్చిన మాట వేరు.

"ఏం లేదండీ, ప్యాకింగులో చిన్న నంబరు తేడా వచ్చింది. నేను వచ్చేదాకా ఆ పెట్టె కదపకండి."

"పెట్టెకేటి, అక్కడే ఉన్నాది. నాలుగు మాత్రం తీసేసినాం. ఒక లారీకి పొద్దున్నే ఏసేసినాం, బియ్యం లోడుతో ఎల్లిపోనాది. ఇంకోదానికి ఏస్తన్నాం."

కొట్లో పుట్టినవాడికి చెడ్డ సరుకు అమ్మానని ఒప్పుకోవడం కన్నా కొట్టు తగలబడటం తేలిక. నంబరు తేడా అనే మాట ఎంత నున్నగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మేస్త్రీని వెనక ఎక్కించుకుని నా పాత స్కూటరు మీద బయలుదేరాను. ఆయన చేతిలో గుడ్డలో చుట్టిన ఆకురాయి. గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి రాస్తే జారిపోతుంది. మెత్తని దాని మీద రాస్తే పట్టుకుని పొడి రాలుస్తుంది. మిషను లేనిచోట అంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు. దారి పొడవునా ఆయన ఇంగువ మాట ఎత్తుతాడేమో అని వీపంతా చెవులు చేసుకుని బండి నడిపాను. ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

షెడ్డులో ఒక లారీ జాకీల మీద ఉంది. పిన్నులు అప్పటికే లోపలికి దిగిపోయాయి, చక్రాలు బిగించడమే మిగిలింది. మేము మూలకి వెళ్లి, గోడవైపు తిరిగి, పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి ఆకురాయి రాశాం. మొదటిది జారింది. రెండోది జారింది. నా ప్రాణం కాస్త లేచి వచ్చింది. మూడోది పట్టింది. బూడిదరంగు పొడి మేస్త్రీ అరచేతిలోకి రాలింది. తర్వాతవి చూస్తుంటే పట్టేవే ఎక్కువయ్యాయి. ముప్పై ఆరింట్లో ఏది పై వరసదో ఏది అడుగుదో చెప్పే గుర్తు లేదు.

"ఎల్లిపోయిన లారీలో ఏటుందో ఆ దేవుడికే తెలవాలి," అన్నాడు మేస్త్రీ.

డ్రైవరు ఫోను కలవలేదు. ఘాటెక్కితే సిగ్నలు ఉండదట. వెళ్లి ఎంతసేపయిందంటే గంటన్నర దాటిందన్నాడు మెకానిక్. లోడు బండి కాబట్టి మెల్లగా ఎక్కుతుంది, మధ్యలో టిఫినుకీ, రేడియేటర్లో నీళ్లు పోసుకోవడానికీ ఆగుతుంది. నేను స్కూటరు తిప్పాను. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ అడిగాడు, ఇంతకీ తేడా ఏమిటని. నంబరు తేడానేనండీ, వచ్చి చెబుతాను అని మళ్లీ అన్నాను. మేస్త్రీ నా వైపు ఒక చూపు చూసి, స్కూటరెక్కాడు.

ఘాటులో నా స్కూటరు ఇద్దరిని మోస్తూ ఎక్కిన తీరు వర్ణించను. రెండు చోట్ల మేస్త్రీ దిగి నడిచాడు. ప్రతి మలుపు దగ్గరా నేను ముందు రోడ్డు చూడటం మాని పక్కనున్న లోయలోకి చూశాను. అక్కడ ఆకుపచ్చ తప్ప ఇంకే రంగూ కనిపించకూడదని కోరుకున్నాను. ఎదురొస్తున్న ప్రతి లారీ డ్రైవరు ముఖంలోకి చూశాను, పైన ఏదైనా చూసి వస్తున్నాడేమోనని. వాళ్లు మామూలుగానే ఉన్నారు. ఒకడు పాట పాడుకుంటున్నాడు. వాడి మీద కోపం కూడా వచ్చింది.

ఒక మలుపు తిరగ్గానే బియ్యం లారీ కనిపించింది. రోడ్డు పక్కన వెడల్పు చోట ఆగి ఉంది. డ్రైవరు బానెట్ దగ్గర డబ్బాతో నీళ్లు పోస్తున్నాడు. నలభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు. నా నోరు మళ్లీ కొట్టు నోరే అయింది. కంపెనీ తరఫున వచ్చామని, కొత్త పిన్నులు వేసిన బండ్లకి ఉచితంగా చెక్ చేస్తున్నామని, ఒక్కసారి సాలూరు వెనక్కి వస్తే గంటలో పంపించేస్తామని చెప్పుకుపోయాను.

ఆయన నీళ్లు పొయ్యడం ఆపలేదు. డబ్బా ఖాళీ చేసి, మూత బిగించి, అప్పుడు తిరిగాడు.

"ఊరికే సేసీవోడు ఘాటెక్కి రాడు బావా. ఏటి సంగతి, సరిగ్గా సెప్పు."

మేస్త్రీ నా పక్కనే ఉన్నాడు. ఆయన చెబితే బాగుండునని ఒక్క క్షణం చూశాను. ఆయన లోయ వైపు చూస్తున్నాడు.

"పిన్నులు మెత్తగా ఉండొచ్చు," అన్నాను. "టెస్టులో తక్కువ వచ్చింది. ఎక్కువని రాయించి, నేనే సంతకం పెట్టాను. నీ బండికి ఏవి వేశారో తెలీదు. మంచివైనా కావచ్చు."

ఆ మనిషి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తిడతాడనుకున్నాను, కొడతాడేమో అని కూడా అనుకున్నాను. చక్రం దగ్గరికి వెళ్లి కాలితో ఒకసారి తన్ని చూశాడు. అందులో తెలిసేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు. నాకు ఇద్దరాడపిల్లలు అన్నాడు, నాతో కాదు, చక్రంతో అన్నట్టుగా. తర్వాత బండెక్కి, ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడించి, లారీని సాలూరు వైపు తిప్పాడు.

దిగడం ఎక్కడం కన్నా ఘోరం. లారీకి ముందు మా స్కూటరు. చక్రం ఎలా తిరుగుతోందో చూస్తూ ఉండాలి కదా అని మేస్త్రీ వెనక సీటు మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు, పడవ చివర కూర్చున్నట్టు. నా వీపుకి ఆయన వీపు. ప్రతి మలుపు దగ్గరా ఆయన గట్టిగా చెప్పేవాడు. "తిరిగినాది. పోనీ." మళ్లీ మలుపు. "తిరిగినాది బాబూ, పోనీ." ఆ మాట కోసం నేను ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవాణ్ణి. అన్ని మలుపులున్నాయని ఎక్కేటప్పుడు తెలియలేదు.

షెడ్డుకి చేరాక లారీని జాకీ మీద ఎత్తారు. పిన్నులు కొట్టి బయటికి తీసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మేస్త్రీ గుడ్డ విప్పి ఆకురాయి తీశాడు. డ్రైవరు, మెకానిక్, నేను చుట్టూ చేరాం. మొదటి పిన్ను మీద రాశాడు. జారింది. ఇంకా గట్టిగా నొక్కాడు. గాజు మీద రాసినట్టు కిర్రుమని జారింది. రెండోదీ అంతే.

రెండూ బుట్టలో పై వరసవై ఉండాలి. నిక్షేపంలా ఉన్నాయి.

డ్రైవరు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అమ్మిన సరుకు బాగున్నాదని సెప్పడానికి ఘాటెక్కొచ్చిన సావుకారిని ఇదే సూడ్డం," అన్నాడు.

మెకానిక్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఉదయం నుంచి బిగుసుకున్నదంతా ఒక్కసారి వదులైంది. నవ్వుతూ ఉండగానే మేస్త్రీ చెయ్యి నా భుజం మీద పడింది.

"బాబూ, ఆ రెండో లారీ ఏదీ?"

జాకీల మీద ఉండాల్సిన లారీ అక్కడ లేదు. గేటు దగ్గర ఇంజను ఆన్ చేసి ఉంది. లోడు కాగితాలు చేత్తో పట్టుకుని డ్రైవరు ఎక్కుతున్నాడు. మెకానిక్‌ని తప్పు పట్టడానికి లేదు. నంబరు తేడా అన్నాను, ఆయన పని ఆయన ముగించాడు. ఘాటెక్కిన లారీ కోసం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తినవాణ్ణి, కళ్లెదురుగా జాకీల మీద ఉన్నదాని గురించి ఒక్కసారీ భయపడలేదు. ఎదురుగా ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. నిజం ఒక్క ముక్క చెప్పి ఉంటే అది అక్కడే ఉండేది.

నేను పరిగెత్తి లారీకి అడ్డంగా నిలబడ్డాను. నా ఆకారానికి ఆ లారీ ఆగాల్సిన పని లేదు, డ్రైవరు మంచివాడు కాబట్టి ఆగింది. ఈసారి ఉచిత చెకింగు అనలేదు. ఇంజను మోతలో వినబడేలా, షెడ్డులో ఉన్నవాళ్లందరి ముందూ అరిచి చెప్పాను. పిన్నులు మెత్తనివి. తప్పు నాది. బండి తియ్యొద్దు.

మళ్లీ జాకీలు. మళ్లీ సుత్తి. కుడివైపు పిన్ను బయటికి వచ్చింది. మేస్త్రీ ఆకురాయి పెట్టి లాగగానే అది సబ్బుముక్కలా తెగింది. పొడి రాలింది. ఎడమదీ అంతే. ఎవరూ నవ్వలేదు. ఘాటెక్కి వెనక్కొచ్చిన డ్రైవరు ఆ పొడిని వేలితో రాసి చూసి, తలెత్తకుండా అడిగాడు, ఈ బండి ఎటు పోతోందని. అటే, నువ్వు వెళ్లిన ఘాటు వైపే, అన్నాడు రెండో డ్రైవరు.

ఫ్యాక్టరీకి వచ్చాక ఓనరు గారికి అంతా చెప్పాను, సంతకంతో సహా. మీరు ల్యాబులోకి వెళ్లకండి అని ఆయన ఒక్క మాటన్నారు. ఆ తర్వాత నేను రిటైరయ్యేవరకూ అంకె సిరాతో రాసి ఆరాక గాని ఆ గది గుమ్మం తొక్కలేదు. టెస్టు ముక్కలు పైన ఒకటి, అడుగున ఒకటి కట్టడం ఆ అమ్మాయి మొదలుపెట్టింది. జనరేటరు విప్పితే నికెల్ ముక్కలు మసి పట్టి నల్లగా ఉన్నాయి. గంధకం సంగతి పుస్తకాలు తిరగేసి కనిపెట్టింది కూడా ఆమే. అన్నీ తీసి కొత్తవి నింపాం. దీపం మళ్లీ నిలకడగా వెలిగిన రోజు మేస్త్రీ కొట్టు స్టాండుని కోసి తుక్కులో పడేశాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఇంగువ సంగతి ఆయన అప్పుడూ ఎత్తలేదు. నేనే ఎత్తితే, "పోనీ బాబూ" అన్నాడు, మలుపులో అన్నట్టే.

కొత్త నియమం ప్రకారం సిలిండర్ ఒత్తిడి మీటరు మీద గీసిన గీత దగ్గరికి దిగగానే తీసెయ్యాలి. మొదటిసారి అలా తీసినదాన్ని తీసుకెళ్లడానికి గ్యాసు డీలరు మనిషి వచ్చాడు. ఎత్తబోయి ఆగాడు. ఊపి చూశాడు. గళగళ.

"సార్, లోపల ఇంకా ఉన్నాది. రెండు రోజులు ఒస్తాది."

నాకు గరాటు గుర్తొచ్చింది, ఎండ తగిలే మెట్టు గుర్తొచ్చింది. వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. ఇంట్లో నూనె సీసా బోర్లించడం నేను ఇప్పటికీ మానలేదు, అబద్ధమెందుకు. ఆ రోజు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, నా జీవితంలో అన్నిటికన్నా కష్టమైన మాట అన్నాను.

"ఉండనీ."